మూడు నోటుపుస్తకాలు, ఒకే వాక్యం

(విజయవాడలో ఇంగ్లిష్ అధ్యాపకులు, డిగ్రీ విద్యార్థులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

పరీక్షల ముందు పునశ్చరణ గురించి మాట్లాడమన్నారు. అలంకారాలు, వ్యాకరణం, వాదన, ఈ మూడింటినీ ఇంగ్లిష్ క్లాసులో ఎలా మళ్లీ చదివించాలో చెప్పమన్నారు. చెబుతాను. దానికి ముందు మీ అందరికీ కంఠతా వచ్చిన ఒక పాఠం గుర్తుచేస్తాను. ఎండాకాలంలో ఫలితాలు వెలువడిన రోజున టీవీ పెట్టండి, లేదా బెంజి సర్కిల్ దగ్గర నిలబడి తలెత్తి చూడండి. "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు..." (నవ్వులు) చూశారా, నేను నాలుగు దాకా వెళ్లకముందే వెనక వరుసవాళ్లు పది దాకా వెళ్లిపోయారు. ఏ కళాశాలదో నేను చెప్పను. చెప్పినా చెప్పకపోయినా తేడా లేదు, అన్నీ అదే పాట పాడతాయి.

ఇప్పుడు దీన్ని ఇంగ్లిష్ మాస్టారి కళ్లతో చూడండి. మొదటిది, ఒకే మాటను వరుసగా పలకడం. దీనికి అలంకారాల పట్టికలో పేరుంది, రెండు మార్కుల ప్రశ్న కూడా ఉంది. రెండోది, ఇందులో క్రియ లేదు. తెలుగులో క్రియ లేని వాక్యం తప్పేమీ కాదు. "ఆయన మా మాస్టారు" అంటాం, సరిపోతుంది. కానీ ఇక్కడ కర్త కూడా లేడు. ఒకటో ర్యాంకు ఎవరికి వచ్చింది? ఏ పరీక్షలో, ఏ విభాగంలో? క్రియ పెడితే కర్త కావాలి. కర్త వస్తే "ఎంతమంది రాస్తే ఇంతమందికి వచ్చింది" అని ఎవరో ఒకరు అడుగుతారు. క్రియను తీసేయడంతో ఆ ప్రశ్న నిలబడడానికి చోటే లేకుండా పోయింది. మూడోది, వాదన. అది గొంతులో ఎక్కడా వినిపించదు. "ఇక్కడ చదివినవాళ్లకు ర్యాంకులు వచ్చాయి, కాబట్టి ఇక్కడ చేరితే మీ పిల్లవాడికీ వస్తుంది" అన్న మాట వాళ్లు అననే లేదు. మనమే అనుకున్నాం. మనమే అనుకున్న మాటతో ఎవరు పోట్లాడతారు?

ఆ ప్రకటన రాసినవాడెవరో గాని, మన సబ్జెక్టు మనకంటే బాగా తెలిసినవాడు. మూడింటినీ ఒకే చోట, ఒకే ఊపిరిలో వాడుకున్నాడు. మనం మాత్రం అలంకారాలకు ఒక నోటుపుస్తకం, వ్యాకరణానికి ఇంకొకటి, వ్యాసరచనకు మరొకటి పెట్టించి, పరీక్ష ముందు మూడూ వేరువేరుగా వల్లె వేయిస్తున్నాం. ఒక వాక్యం ఎదుటివారిచేత దేన్ని ఒప్పించాలని చూస్తున్నదో ముందు పట్టుకోండి. దానికోసం ఏ అలంకారం తెచ్చింది, వ్యాకరణాన్ని ఎటు తిప్పింది అని తర్వాత అడగండి. మూడు నోటుపుస్తకాలూ ఒకే పేజీలోకి వస్తాయి. ఇవాళ నేను చెప్పేదంతా ఇదే, మిగతావి ఉదాహరణలు.

అలంకారాలతో మొదలుపెడదాం. మన పిల్లలు తెలుగు క్లాసులో ఉపమాలంకారం నేర్చుకుంటారు. గంట కొడతారు. ఇంగ్లిష్ క్లాసులో సిమిలీ నేర్చుకుంటారు. ఈ రెండూ ఒకటేనని ఏ టీచరూ చెప్పరు. ఎందుకంటే తెలుగు టీచరుకు ఇంగ్లిష్ టీచరు పోర్షన్‌తో పని లేదు. ఇంగ్లిష్ గైడులో ఒక కిటుకు ఉంటుంది: 'లైక్' గాని 'యాజ్' గాని కనబడితే సిమిలీ, కనబడకపోతే మెటాఫర్. మార్కు వస్తుంది, కాదనను. కానీ తెలుగు క్లాసులో అంతకంటే ఎంతో పదునైన పనిముట్టు ఇచ్చారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఇంగ్లిష్ విమర్శలో ఐ.ఎ. రిచర్డ్స్ 1936లో 'టెనర్', 'వెహికిల్' అన్న పేర్లు వాడుకలోకి తెచ్చాడు. అవి మొదటి రెండూ. మన ఆలంకారికులు నాలుగింటినీ లెక్కపెట్టి, అన్నీ ఉంటే పూర్ణోపమ అని, ఏదైనా లోపిస్తే లుప్తోపమ అని విడదీసి వెయ్యేళ్లు దాటింది.

ఈ నాలుగింటిలో మూడోదాన్ని పట్టుకోండి. సమానధర్మం ఏది? ఈ ఒక్క ప్రశ్నతో అలంకారాల క్లాసు వాదన క్లాసుగా మారిపోతుంది. ఎలాగంటారా? పత్రికల్లో తరచూ కనిపించే ఒక పోలిక తీసుకోండి: "ప్రభుత్వం కూడా ఒక కుటుంబం లాంటిదే, ఆదాయానికి మించి ఖర్చు చేయకూడదు." ఉపమేయం ప్రభుత్వం, ఉపమానం కుటుంబం, సమానధర్మం ఆదాయవ్యయాలు. అంతవరకు బాగానే ఉంది. కానీ కుటుంబం పన్ను వేయలేదు. కుటుంబానికి రిజర్వు బ్యాంకు లేదు. కుటుంబ యజమాని ముసలివాడవుతాడు, పదవీ విరమణ చేస్తాడు. ప్రభుత్వానికి ఆ బెడద లేదు. అందుకని ప్రభుత్వం ఎంతైనా అప్పు చేయవచ్చని నేననడం లేదు. ఆ సంగతి ఆర్థికశాస్త్రం వాళ్లు తేల్చుకోవాలి. ఈ పోలిక దాన్ని తేల్చలేదు, అంతే. సమానధర్మం సన్నగా ఉన్నచోట బరువైన తీర్పు మోపారు.

దీని పక్కన వేమన్నను పెట్టి చూడండి. ఉప్పూ కర్పూరమూ చూడడానికి ఒకేలా ఉంటాయన్నాడు. అంటే సమానధర్మాన్ని దాచుకోకుండా ముందే మన చేతిలో పెట్టాడు. రుచి చూస్తే తేడా తెలుస్తుందన్నాడు. అంటే పరీక్ష కూడా చెప్పాడు. ఆ తర్వాతే పురుషులలో పుణ్యపురుషులు వేరన్న తీర్పు. అయితే మనిషిని రుచి చూడడం ఎలా? అది చెప్పలేదు. డబ్బు దగ్గరో కష్టంలోనో కలిసి మసలితే తెలుస్తుందన్న మెట్టును వినేవాడు తనంతట తానే వేసుకుంటాడు. ఒక మెట్టును శ్రోతకు వదిలేసే ఇలాంటి వాదనను గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఎంథిమీమ్ అన్నాడు. ఆ పేరు పిల్లలకు నోరు తిరగకపోయినా నష్టం లేదు. నాలుగు పాదాల ఆటవెలదిలో ఆ పని జరిగిందని చూడగలిగితే చాలు.

ఇక వ్యాకరణం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ అన్యాయం జరిగేది దీనికే.

వాయిస్ పాఠం తీసుకోండి. "రాముడు రావణుణ్ణి చంపాడు", దీన్ని తిప్పితే "రావణుడు రాముడిచేత చంపబడ్డాడు". అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, గ్రామర్ బిట్ల కోసం నెలల తరబడి తిప్పిస్తాం. అలా ఎవరైనా ఎందుకు మాట్లాడతారని ఒక్కరోజు కూడా అడగం. జవాబు మన రైల్వే స్టేషనులోనే ఉంది. రైలు ఆలస్యమైతే ఏమని ప్రకటిస్తారు? "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." కలిగిన అసౌకర్యం. అది దానంతటదే వానలాగా కలిగింది. "మేము కలిగించిన అసౌకర్యానికి" అని ఎక్కడా వినం. చింతించడానికి మాత్రం 'మేము' వచ్చాం, కలిగించిన చోట లేము.

తెలుగుకు ఈ పని చేయడానికి పాసివ్ వాయిస్ అక్కర్లేదు. మన క్రియలు జంటలుగా పుట్టాయి. కలుగు, కలిగించు. పగులు, పగలగొట్టు. చెడు, చెడగొట్టు. పోవు, పోగొట్టు. చిన్నపిల్లవాడు గ్లాసు జారవిడిచి "అమ్మా, గ్లాసు పగిలింది" అంటాడు. వాడికి ఎవరూ వ్యాకరణం నేర్పలేదు. కర్తను ఎలా మాయం చేయాలో మాటలు వస్తూనే వచ్చేసింది. కాబట్టి ఇంగ్లిష్ పాసివ్ నేర్పాలంటే మొదట ఈ జంటలు బల్లమీద రాయండి. తర్వాత, అమెరికా అధ్యక్షుడు రీగన్ 1987 జనవరిలో తమ పార్లమెంటు ముందు ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన వ్యవహారం గురించి మాట్లాడుతూ, తీవ్రమైన తప్పులు జరిగాయని పాసివ్‌లో అన్నాడని చెప్పండి. ఎవరు చేశారు? వాక్యంలో లేదు. గ్లాసు పగిలింది. పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

అలాగని పాసివ్ కనబడగానే దొంగను పట్టుకున్నట్టు చూడకండి. "నీటిని వంద డిగ్రీల వరకు వేడిచేయడమైనది" అని ప్రయోగశాల రికార్డులో రాస్తే అక్కడ వేడిచేసినవాడి పేరు ఎవరికీ అవసరం లేదు. దొంగతనం జరిగిన ఇంటివాళ్లు "సొత్తు పోయింది" అనక ఏమంటారు? ఎవరు తీశారో తెలిస్తే ఫిర్యాదులోనే రాస్తారు కదా. వీలైనచోటల్లా యాక్టివ్ వాయిస్ వాడమని ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో ఒక వ్యాసంలో గట్టిగా చెప్పాడు. ఆ వ్యాసంలోనే పాసివ్ వాక్యాలు బోలెడున్నాయి. మంచి రచయిత ఇచ్చే సలహాకూ అతను రాసే వాక్యానికీ దూరం ఉంటుంది, వాక్యాన్నే నమ్మండి. కర్త ఎందుకు లేడన్నదే మనం అడగాల్సిన ప్రశ్న. తెలియకనా, అవసరం లేకనా, ఇష్టం లేకనా?

'కానీ' అన్న చిన్న మాటను చూడండి. తల్లిదండ్రుల సమావేశంలో టీచరు "మీవాడు తెలివైనవాడే కానీ అల్లరి" అంటే తండ్రి ముఖం మాడుతుంది. "అల్లరివాడే కానీ తెలివైనవాడు" అంటే అదే తండ్రి నవ్వుతాడు. సమాచారంలో తేడా లేదు, రెండు వాక్యాల్లోనూ అవే రెండు గుణాలు. 'కానీ' తర్వాత వచ్చినదే తీర్పు, ముందు వచ్చినది ఒప్పుకోలు. ఇంగ్లిష్ 'బట్' కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. సముచ్చయాల పాఠంలో ఖాళీలు పూరించే బదులు వాక్యభాగాలను అటూ ఇటూ మార్పించి, ఎవరు సంతోషిస్తారు, ఎవరు నొచ్చుకుంటారు అని అడగండి.

ఆర్టికల్స్ తెలుగువాళ్లకు గుదిబండ, మనకు అవి లేవు కనుక. అచ్చు ముందు 'యాన్', హల్లు ముందు 'ఎ' దాకా అందరికీ వచ్చు. కానీ 'ది' చేసే చిలిపి పని ఒకటుంది. ఒకాయన లేచి ఈ ఊరి ట్రాఫిక్ సమస్యకు "ఎ సొల్యూషన్" అంటే ఒక ఉపాయం చెబుతున్నాడు. "ది సొల్యూషన్" అంటే ఉపాయం ఒక్కటే ఉందని, అది తన జేబులోనే ఉందని అంటున్నాడు. ఆ రెండో మాటను అతను రుజువు చేయలేదు, ఒక చిన్న అక్షరంలో చుట్టి లోపలికి తోశాడు. అదే పని మనం 'ఏ'తో చేస్తాం. "ఫ్లైఓవర్ పరిష్కారం", "ఫ్లైఓవరే పరిష్కారం". దీర్ఘం వినబడిందా? వ్యాసాలు దిద్దేటప్పుడు ఇలాంటి 'ది' కింద, ఇలాంటి 'ఏ' కింద ఎర్రగీత పెట్టి, మిగతా ఉపాయాలు ఎక్కడికి పోయాయని పక్కన రాయండి.

ఇప్పుడు నిజమైన ఇంగ్లిష్ వాక్యం ఒకటి తీసుకుందాం. బయట ఊళ్లనుంచి వచ్చినవాళ్లలో చాలామంది ఇవాళ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో దిగి ఉంటారు. ఆ నెహ్రూ వాక్యమే. 1947 ఆగస్టు 14 రాత్రి, రాజ్యాంగ సభలో. చాలా ఏళ్ల కిందట విధితో ఒక ఒప్పందం చేసుకున్నామని, ఆ మాట చెల్లించుకునే వేళ వస్తున్నదని మొదలుపెట్టి, వెంటనే ఒక మాట చేర్చాడు: పూర్తిగా, నిండుకొలతలో కాదు గాని చాలామేరకు అని. గైడుల్లో ఈ ప్రసంగం కింద వ్యక్తిత్వారోపణ, రూపకం అని రెండు ముక్కలు ఉంటాయి. ఈ ఒప్పుకోలును ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ప్రసంగం మొత్తం అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. దేశం రెండుగా చీలుతోంది, పంజాబు మండుతోంది. సంబరాల రాత్రి ఆ పేర్లు ఎత్తలేడు, ఎత్తకుండా ఉంటే అబద్ధమవుతుంది. అందుకని పండుగ మాటల మధ్య, మొదటి వాక్యంలోనే ఒక 'కానీ' పెట్టాడు. ఇందాక చెప్పుకున్న సూత్రం వేసి చూడండి. 'నిండుకొలత కాదు' ముందు వచ్చింది, 'చాలామేరకు' తర్వాత వచ్చింది. ఒప్పుకున్నాడు, తీర్పు మాత్రం తన వైపు ఉంచుకున్నాడు. వరుస మారిస్తే అది సంతాప ప్రసంగం అయిపోయేది.

తర్వాతి వాక్యం అందరికీ తెలుసు. అర్ధరాత్రి గంట కొట్టగానే, లోకం నిద్రపోతుండగా, భారతదేశం జీవితంలోకీ స్వేచ్ఛలోకీ మేలుకుంటుంది. లోకం నిద్రపోతోందా? మనకు అర్ధరాత్రి అయినప్పుడు లండన్‌లో సాయంత్రం, న్యూయార్కులో మధ్యాహ్నం. వాస్తవంగా తప్పు. దీన్ని క్లాసులో చెబితే ఒక తెలివైన పిల్ల తప్పకుండా "అయితే ఆయన అబద్ధం చెప్పాడా సార్?" అంటుంది. అనాలి. ఆ ప్రశ్నమీద ఒక గంట గడపవచ్చు. ఆ మాట భూగోళశాస్త్రం చెప్పడానికి వచ్చింది కాదు, మేలుకోవడాన్ని వెలిగించడానికి చీకటి కావాలి. అలంకారాన్ని సమాచారంగా చదివితే ఎక్కడ తేడా వస్తుందో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అయితే ఆ సభలో కూర్చున్నవాళ్లలో లోకజ్ఞానం లేనివారెవరూ లేరు కనుక మోసం అనలేం. వినేవాళ్లకు అసలు సంగతి తెలియనప్పుడు ఇదే అలంకారం వాడితే ఏమవుతుందో అన్నది వేరే ప్రశ్న. అదీ అడిగించండి.

అదే వాక్యంలో క్రియను చూడండి. మేలుకుంటుంది. మేలుకొలుపుతారు అనలేదు. స్వాతంత్ర్య చట్టం చేసింది బ్రిటిష్ పార్లమెంటే, జులైలో. చట్టప్రకారం చూస్తే అధికారం బదిలీ అవుతోంది, ఇచ్చేవాడు ఒకడున్నాడు, పుచ్చుకునేవాడు ఒకడున్నాడు. నెహ్రూ వాక్యంలో ఇచ్చేవాడే లేడు. నిద్రలేవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. గ్లాసు పగిలిందన్న పిల్లవాడూ, తప్పులు జరిగాయన్న రీగనూ, ఈ నెహ్రూ, ముగ్గురూ కర్తను తప్పించారు. మొదటి ఇద్దరూ నింద తప్పించుకోవడానికి, మూడో ఆయన దయాదాక్షిణ్యం అన్న భావాన్ని గడప దాటనివ్వకుండా ఉండడానికి. వ్యాకరణం ఒకటే, నీతి వేరు. ఇది చెప్పగలిగిన విద్యార్థికి వాయిస్ పాఠం ఇంకెప్పుడూ చెప్పనక్కరలేదు.

మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం గురించి క్లుప్తంగా. 1963 ఆగస్టు 28. 'నాకొక కల ఉంది' అని మళ్లీ మళ్లీ అన్నాడు, అనాఫొరాకు, అంటే వరుస వాక్యాలను ఒకే మాటతో ఎత్తుకోవడానికి, ప్రపంచంలో ప్రతి గైడూ ఇచ్చే ఉదాహరణ అదే. కానీ కల కంటే ముందు ఆ ప్రసంగంలో ఒక చెక్కు ఉంది. అమెరికా నల్లజాతి ప్రజలకు ప్రామిసరీ నోటు రాసిచ్చిందని, దాన్ని మార్చుకోబోతే ఖాతాలో సొమ్ము లేదని చెక్కు తిరిగి వచ్చిందని అన్నాడు. వాదనంతా ఆ చెక్కులో ఉంది. దానం అడగడం వేరు, బాకీ అడగడం వేరు. అది గైడులోకి ఎందుకు ఎక్కలేదంటే అది ఏ పెట్టెలో వేయాలో తెలియదు. అలంకారమా, వాదనా?

ఇంటికి వద్దాం. నన్నయ్య భారతంలో శకుంతల. మీలో చాలామంది తెలుగు వాచకంలో చదువుకున్న పద్యమే. కొడుకును వెంటబెట్టుకుని దుష్యంతుడి సభకు వచ్చింది. ఆయనకు అంతా గుర్తుంది, గుర్తులేదంటున్నాడు. పెళ్లికి సాక్షులు లేరు. అప్పుడు ఆమె అంటుంది: నూరు నూతులకంటే ఒక దిగుడుబావి మేలు, నూరు బావులకంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాలకంటే ఒక కొడుకు మేలు, నూరుమంది కొడుకులకంటే ఒక సత్యవాక్యం మేలు. మెట్లు మెట్లుగా పైకి. మన శాస్త్రంలో సారాలంకారం, ఇంగ్లిష్‌లో క్లైమాక్స్. ఇంతవరకు పేరు రాసి ఆపితే రెండు మార్కులు.

ఆ చివరి రెండు మెట్లు మళ్లీ చూడండి. ఆమె చేయి పట్టుకుని నిలబడి ఉన్నది కొడుకు. ఎవరైనా కొడుకు దగ్గరే ఆపి, ఇంతటి కొడుకును కాదంటావా అని కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆమె కొడుకును మూడో మెట్టు మీద వదిలి ఇంకో మెట్టు ఎక్కింది. నా బిడ్డను ఏలుకోమని అడగడానికి రాలేదు, నీ మాట నువ్వు నిలబెట్టుకొమ్మని చెప్పడానికి వచ్చాను అన్నట్టు. కన్నీటి వాదన చేతిలో ఉండగా ధర్మవాదన ఎంచుకుంది.

ఇంకా ఉంది. పద్యం మొదట్లోనే రాజును ఎలా పిలిచింది? 'సూనృతవ్రత' అని. సత్యమే వ్రతంగా కలవాడా అని, కళ్లముందు అబద్ధమాడుతున్న మనిషిని. పద్యం చివర మేలైనదిగా తేలింది 'సూనృతవాక్యము'. అంటే ఆయనను పిలిచిన పిలుపులోనే ఆయన ఓడిపోవలసిన కారణం ఉంది. కాదంటే తన బిరుదునే కాదన్నట్టు. ఇంకో పద్యంలో 'విమలయశోనిధీ', మచ్చలేని కీర్తికి నిధివంటివాడా అని పిలిచి, వేదాలు, పంచభూతాలు, సూర్యచంద్రులు, అంతరాత్మ మనిషి నడతను చూస్తూనే ఉంటాయంటుంది. మనుషులు సాక్షులుగా లేని లోటును అలా పూడ్చుకుంది. సంబోధన అన్నది విశేషణాల పాఠంలోనో విభక్తుల పాఠంలోనో ఒక మూల పడి ఉంటుంది మనకు. ఇక్కడ అదే వాదనకు వెన్నెముక. అరిస్టాటిల్ చెప్పిన ఈథోస్, పేథోస్, లోగోస్ అంటూ మూడు గడులు గీసి పిల్లలకు ఇస్తాం కదా, వక్త మీద నమ్మకం, శ్రోత మనసు, తర్కం అని. శకుంతల తన మీద నమ్మకం పుట్టించడానికి ప్రయత్నించలేదు. ఎదుటివాడి పరువునే తన సాక్షిగా నిలబెట్టింది. ఆ మూడు గడుల్లో ఇది ఎందులో వేస్తారో మీరే చెప్పండి, నాకు మాత్రం గడులు చాలలేదు.

ఇంత చేసినా ఆమె నెగ్గలేదని కూడా పిల్లలకు చెప్పండి. దుష్యంతుడు ఒప్పుకున్నది ఆకాశవాణి పలికాకే. వాదన బాగుండడమూ, వాదనతో గెలవడమూ రెండు సంగతులు.

వాదన విషయంలో ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. వ్యాసరచన అంటే మన పిల్లలు "ఈ ఆధునిక యుగంలో" అని ఎత్తుకుని, మొదటగా, రెండవదిగా, చివరగా అని మూడు పేరాలు దించుతారు. మూడు పేరాలకూ సంబంధం ఉండదు. న్యాయశాస్త్రంలో, అంటే కోర్టుల చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రంలో, ఐదు అవయవాల వాక్యం ఉంది. కొండమీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది కనుక, ఇది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగా, ఇది ఉదాహరణ. ఈ కొండా అలాగే ఉంది, ఉపనయం. కాబట్టి నిప్పుంది, నిగమనం. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడేనని పండితులంటారు. నాకు ఇందులో నచ్చేది వంటిల్లు. సూత్రం చెప్పి ఊరుకోనివ్వదు, నువ్వు చూసిన ఒక చోటు చూపించమంటుంది. మన విద్యార్థి వ్యాసంలో సాధారణంగా ప్రతిజ్ఞ ఉంటుంది, నిగమనం ఉంటుంది, మధ్యలో వంటిల్లు ఉండదు.

అసలు చిక్కు మూడో అవయవంలో ఉంది, పొగకూ నిప్పుకూ ఉన్న విడదీయరాని సంబంధం. వ్యాప్తి అంటారు. 1958లో బ్రిటిష్ తత్త్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 'వారంట్' అని పేరు పెట్టి ఇంగ్లిష్ లోకంలో అడిగింది దాదాపు ఇదే: నీ ఆధారం నుంచి నీ తీర్మానానికి వెళ్లడానికి నీకు అనుమతి ఎవరిచ్చారు? గుంటూరు మిర్చి యార్డు దాకా వెళ్లండి. "పోయిన ఏడు ధర బాగా వచ్చింది, కాబట్టి ఈ ఏడూ వస్తుంది" అనేవాళ్లు కనబడతారు. పొగ ఉన్నది, నిజమే. కానీ పోయిన ఏడు ధర చూసి పక్కవాళ్లూ, పక్క జిల్లావాళ్లూ మిర్చే వేస్తే సరుకు ఎక్కువై ధర పడిపోవచ్చు. కొన్నేళ్లు పెరుగుతుంది, కొన్నేళ్లు పడుతుంది. తీర్మానం నిజమైన చోటా, అబద్ధమైన చోటా ఒకే హేతువు కనబడితే దాన్ని సవ్యభిచారం అన్నారు. హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనబడే తప్పు హేతువుల్లో, మొదటిది. రైతుబిడ్డలున్న క్లాసులో ఈ ఉదాహరణ చెబితే నిద్రపోయేవాళ్లు ఉండరు, ఇది వాళ్ల ఇంటి అప్పుల లెక్క.

ప్రశ్నలు అడగండి.

(ఒక అధ్యాపకురాలు: సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలడం లేదు. ఇదంతా ఎప్పుడు చేయమంటారు?)

కొన్ని వదిలేయండమ్మా. అలంకారాల జాబితాలో ఎప్పుడూ ప్రశ్నపత్రంలోకి రాని, ఏ పిల్లవాడూ జీవితంలో వాడని గ్రీకు పేర్లు ఎన్నో ఉన్నాయి. పోలిక, రూపకం, పునరుక్తి, అతిశయోక్తి, వ్యంగ్యం, విరోధం, అనుప్రాస, జవాబు కోరని ప్రశ్న, ఇవి గట్టిగా వస్తే చాలు. వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్ తిప్పుడు వాక్యాలు వందకు బదులు పది చేయించండి. మిగిలిన గంటలో ఒకే ఒక పేరా తీసుకోండి, సంపాదకీయమైనా సరే, నోటీసైనా సరే. రిపోర్టెడ్ స్పీచ్‌ను కూడా అలాగే చూడవచ్చు. 'మంత్రి చెప్పారు', 'మంత్రి ఒప్పుకున్నారు', 'మంత్రి సమర్థించుకున్నారు'. కాలం మార్చడం కంటే ఆ క్రియ మార్చడంలోనే విలేఖరి పక్షం బయటపడుతుంది.

(ఒక విద్యార్థి: సార్, మా ఇంగ్లిషే అంతంతమాత్రం. ఇలా ఆలోచించి ఇంగ్లిష్‌లో ఎలా రాస్తాం?)

మొదట తెలుగులో వాదించు బాబూ. ప్రతిజ్ఞ, హేతువు, వంటిల్లు తెలుగులోనే మూడు వాక్యాలు రాసుకో. అవి నిలబడ్డాయా లేదా అన్నది ఏ భాషలోనైనా ఒకేలా తెలుస్తుంది. తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లోకి తెచ్చుకో, ఒక వాక్యానికి ఒక క్రియ. పొడుగు వాక్యం రాస్తే మార్కులు ఎక్కువ పడతాయని ఎవరో మీకు చెప్పారు. పేపర్లు దిద్దే మాలాంటివాళ్లకు పొడుగు వాక్యం ఎదురైతే ముందు దాని కర్త ఎక్కడుందో వెతుక్కోవడంతోనే ఓపిక అయిపోతుంది.

కాగితాలు అందరికీ అందాయా? అది నేను రాసిన నోటీసే, ఏ కార్యాలయానిదీ కాదు, నీటి సరఫరా ఆగిపోవడం గురించి. పైన తెలుగులో ఉంది, కింద ఇంగ్లిష్‌లో. ముందు క్రియలన్నింటి కింద గీత గీయండి. కర్త లేని క్రియ దొరికినవాళ్లు చెయ్యెత్తండి, అక్కడినుంచి మొదలుపెడదాం.